మస్తానన్న వాళ్ల నాయన వేరుశనగ వేయలేదు

ఇది సముద్రాలు దాటిన కథ. రెండు ఖండాలు, పద్నాలుగు మంది వీరులు, వాళ్లకు విద్య నేర్పి పంపిన ఒక గురువు, చివర్లో సరిదిద్దలేని ఒక పొరపాటు. మొదలుపెడితే కింద పెట్టలేరు.

పెట్టగలరు. సముద్రం దాటినవాళ్లు ఆరుగురే, వాళ్లూ విమానంలో నిద్రపోతూ దాటారు. గురువును నేను. నేను చూసిన పెద్ద నీళ్లు పులికాట్ సరస్సు, అదీ ఎండాకాలంలో. పొరపాటు ఒక్కటే చెప్పినంత పెద్దది.

తిరుపతిలో ఒక జిరాక్స్ షాపు మేడ మీద తొమ్మిదేళ్లు స్పానిష్ నేర్పాను. ముప్పై రెండేళ్లకు రిటైరయ్యాను. రిటైర్మెంటు అన్న మాట నాది. మా అమ్మ మాత్రం ఎవరడిగినా "ఊరికే ఉండాడు" అని చెప్పేది. ఇప్పుడు బైపాస్ రోడ్డులో కార్ల సీట్లకు కవర్లు వేసే షాపులో పనిచేస్తున్నాను, కాబట్టి ఆ మాట కూడా తప్పే. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు ఫోన్ చేసి, స్పానిష్ ట్రైనర్లుగా చేరుతున్నాం, మీ అనుభవం చెప్పండి అన్నారు. ఫోన్లో చెప్పడానికి సిగ్గేసింది. రాస్తున్నాను.

పని ఏమిటంటే

హైదరాబాదులో నాకు స్పానిష్‌లో డిగ్రీ సీటొచ్చింది. నేను అడిగింది ఇంగ్లీషు. అలా మొదలైంది ఈ భాష మీద నా ప్రేమ.

చదువు ముగించి ఇంటికొచ్చేసరికి నాయుడుపేట వైపు ఒక స్పెయిన్ కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. ఇనుప భాగాలకు తుప్పు పట్టకుండా కరిగిన తగరం పూత వేయడం వాళ్ల పని. కొన్నేళ్లకు, ఇక్కడి టెక్నీషియన్లలో కొందరిని ఆరు నెలలు తమ ఊరి ప్లాంటుకు తీసుకెళ్లి, శిక్షణ ఇచ్చి, తిరిగొచ్చాక లైన్ ఇన్‌ఛార్జిలను చేస్తామన్నారు. అక్కడి పాత పనివాళ్లకు స్పానిష్ తప్ప ఏదీ రాదు. అందుకని వెళ్లేవాళ్లకు స్పానిష్‌లో అరగంట ఇంటర్వ్యూ ఉంటుంది. పద్నాలుగు మందిని దానికి సిద్ధం చేసే పని మా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. ప్రతి ఆదివారం క్లాసు. పన్నెండు గంటల డ్యూటీ చేసి, ఒక్క సెలవు రోజున బస్సెక్కి వచ్చి, నలభై ఏళ్లకు దగ్గరపడిన మనుషులు కూడా చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చునేవాళ్లు. ఆ మోకాళ్లను చూస్తే పాఠం బాగా చెప్పాలనిపించేది. ఎప్పుడూ చెప్పానని అనను.

రెండు గతాలు

మొదటి మూడు నెలలు అందరూ సంతోషంగా ఉంటారు. నా పేరు ఫలానా, నాకు టీ ఇష్టం. గతకాలం రాగానే క్లాసు సగమవుతుంది.

స్పానిష్‌లో జరిగిపోయిన సంగతి చెప్పడానికి రెండు దారులున్నాయి. ముగిసిపోయిన పని ఒకటి: వచ్చాడు, తిన్నాడు, పోయాడు. హద్దు గీయని గతం ఇంకొకటి: వచ్చేవాడు, తింటూ ఉన్నాడు, ఇల్లు చిన్నగా ఉండేది. పుస్తకాల్లో వీటికి పెద్ద పేర్లున్నాయి. నేను క్లాసులో 'అయ్యింది', 'ఉండేది' అనేవాణ్ణి. కథ చెప్పేటప్పుడు రెండూ కావాలి. 'ఉండేది'తో ఊరు, వాన, అలవాటు చెప్పాలి. 'అయ్యింది'తో ఆ ఊళ్లో ఒకరోజు ఏం జరిగిందో చెప్పాలి. తారుమారైతే అర్థమే మారిపోతుంది. ఒకాయన తన తాత పోయిన వేసవిలో చనిపోయేవాడు అని రాశాడు. ఆ వేసవిలో వాళ్ల చుట్టాలు ఎన్నిసార్లు వచ్చిపోయి ఉంటారో.

నా తప్పులు కూడా చెప్పాలి. ఎక్కువ కాలం సాగితే 'ఉండేది', తక్కువైతే 'అయ్యింది' అని మొదటి రెండేళ్లు నేర్పాను. అది అబద్ధం. పదేళ్లు అక్కడ పనిచేశాను అన్నప్పుడు, ఆ పదేళ్లకు తలుపు మూసేశాం కాబట్టి అది 'అయ్యింది'. ఎంత కాలమన్నది లెక్కలోకి రాదు. ఎవరూ నన్ను నిలదీయలేదు. ఊళ్లో ఇంకెవరికీ రాని భాష నేర్పడంలో ఉన్న సౌకర్యం అది.

రెండో తప్పు ఇంకా పెద్దది. అన్నీ ఇంగ్లీషులో వివరించేవాణ్ణి. పాపం వాళ్లు తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చి, అక్కడినుంచి స్పానిష్‌లోకి మార్చేవాళ్లు. దారిలో సగం సరుకు పడిపోయేది. ఒక ఆదివారం వెనక బెంచీలోంచి ఒకాయన చేయెత్తాడు.

"సార్, మన మాటలోనే ఉండాది గదా ఇది. పొయ్యేవాణ్ణి, పొయినాను. రెండూ వేరే వేరే గదా. మధ్యలో ఇంగిలీషు ఎందుకు సార్, పాసుపోర్టు ఆఫీసు బయట ఏజెంటు మాదిరి?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాతి ఆదివారం నుంచి ఇంగ్లీషు మానేశాను. ఏడేళ్ల నా పద్ధతిని ఒక్క ప్రశ్నతో మార్చిన ఆ మనిషి పేరు మస్తాన్ వలీ. అందరూ మస్తానన్న అనేవాళ్లు.

మస్తానన్న

ముప్పై తొమ్మిదేళ్లు. శ్రీకాళహస్తి. నాయుడుపేటలో ఆ ఫ్యాక్టరీలోనే పని. ఇనుప భాగాలకు పూత వేసేముందు యాసిడ్ తొట్టిలో ముంచి శుభ్రం చేస్తారు. ఆ తొట్టి దగ్గర ఉండేవాడు. మాస్కు ఇస్తారు, పెట్టుకుంటాడు, అయినా దగ్గేవాడు. క్లాసులో దగ్గు వస్తే బయటికెళ్లి మెట్ల మీద దగ్గి వచ్చేవాడు, పాఠానికి అడ్డం రాకుండా.

ఇన్‌ఛార్జి అయితే తొట్టి దగ్గర నిలబడే పని ఉండదు. ఆ శిక్షణకు నలభై ఏళ్ల లోపువాళ్లనే తీసుకుంటారు. కాబట్టి మిగతా పదముగ్గురికి ఆ ఇంటర్వ్యూ ఒక అవకాశం. మస్తానన్నకు అదే ఆఖరిది. ఈ సంగతి నాకు తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు.

'నా చిన్నతనం' అని హోంవర్క్ ఇస్తే అతను ఒక పేజీ రాసుకొచ్చాడు. అతను రాసిన స్పానిష్‌ను ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "మా నాయన ఇత్తడి సామాన్లకు కళాయి, అంటే తగరం పూత, పోశాడు. ఊరూరూ తిరిగాడు. నేను కొలిమి తిత్తి ఊదాను. తగరం కరిగింది, నా చేతుల మీద పడింది. తర్వాత స్టీలు సామాన్లు వచ్చేవి. మా నాయన పని మానేసేవాడు."

నేను ఎర్ర పెన్ను తీశాను. "అన్నా, నువ్వు రాసినదాన్ని బట్టి మీ నాయన జీవితంలో ఒక్క చెంబుకు కళాయి పోశాడు. పని మాత్రం రోజూ మానేసేవాడు."

మస్తానన్న కాసేపు నవ్వాడు. "నిజానికి ఆయన ఇంకా మానలేదు సార్. పెరట్లో కొలిమి ఉండాది. ఎవురూ సామాన్లు తేరు గాని, ఆయన బొగ్గులు మాత్రం ఆరబెట్టుకుంటా ఉంటాడు."

అతను ఎక్కడ ఏది వాడాలో తెలియక తప్పు చేయలేదు. క్రియల చివర వచ్చే రెండు రకాల తోకలనూ ఒకదాని చోట ఒకటి గుర్తుపెట్టుకున్నాడు. ఇది 'అయ్యింది' తోక, అది 'ఉండేది' తోక అని పావుగంట కూర్చోబెట్టి చెబితే ఆ పేజీ మొత్తం దానంతటదే సరిపోయేది. ఇప్పుడు చూస్తే అంత స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు నాకు కనిపించింది పన్నెండు ఎర్ర గీతలు. ఇంటర్వ్యూకు రెండు ఆదివారాలే ఉన్నాయి.

మునిరత్నం సార్ సిద్ధాంతం

మా ఇన్‌స్టిట్యూట్ యజమాని మునిరత్నం సార్. దానికి ముందు ఇరవై ఏళ్లు ఎంట్రన్సు పరీక్షలకు కెమిస్ట్రీ కోచింగ్ ఇచ్చాడు. మంచి మనిషి. నాకు జ్వరమొస్తే ఇంటికి రసం పంపించేవాడు. భాషల గురించి ఆయనకున్న అభిప్రాయం కెమిస్ట్రీలోంచి వచ్చింది.

"ఏమప్పా, ఆ ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?"

"వాళ్ల జీవితం గురించి సార్. చిన్నప్పుడు ఎట్లుండేవాళ్లు, ఈ పనిలోకి ఎట్ల వచ్చినారు, ఇవే."

"అంటే ఒకే ప్రశ్న."

"ప్రశ్న ఒకటే సార్. జవాబులు పద్నాలుగు."

"ప్రశ్న ఒకటైతే జవాబులు పద్నాలుగు ఎట్లైతాయప్పా? సల్ఫ్యూరిక్ యాసిడ్ ఫార్ములా పిల్లోడికొకటి ఉంటాదా?"

ఉండదు. దానికి సమాధానం వెతకలేదు. వెతికి ఉంటే దొరికేదే. ఆ సాయంత్రమే ఒక నమూనా జీవితం రాశాను.

"మేము పల్లెలో ఉండేవాళ్లం. మా నాయన వేరుశనగ వేసేవాడు. ప్రతి ఏడూ వాన కోసం ఎదురు చూసేవాళ్లం. ఒక ఏడు వాన రాలేదు. ఒకరోజు నాయన ఎద్దులను అమ్మేశాడు. ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఏడుస్తూ ఉన్నాడు. నేను చూశాను. యంత్రాల పని నేర్చుకోవాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను."

పూర్తి పాఠం ఒక పేజీన్నర. 'ఉండేది', 'అయ్యింది' రెండూ ఎక్కడ రావాలో అక్కడే వచ్చాయి. వ్యాకరణం మట్టుకు చూస్తే నా జన్మలో అంతకంటే గొప్ప పని చేయలేదు. మా నాయన బస్సు డిపోలో క్లర్కు. మా ఇంట్లో ఎద్దులు క్యాలెండర్ మీద తప్ప ఎప్పుడూ లేవు.

కింద జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, పద్నాలుగు మందికీ పంచాం. మనవైపు చదువుకున్నవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. ఆవు మీద వ్యాసం, నా ప్రాణ స్నేహితుడి మీద వ్యాసం, అన్నీ గైడులోవే కదా. క్లాసులో అరవై మందికీ ఒకే ప్రాణ స్నేహితుడు. అలా పెరిగినవాళ్లం, ఒకే నాయనను పద్నాలుగు మందికి పంచడం మాకు తప్పనిపించలేదు.

మస్తానన్న మాత్రం పుస్తకం తిరగేసి, "నా పేజీ సార్?" అన్నాడు.

"టైము లేదన్నా. ఇది బట్టీ పట్టు. దీంట్లో తప్పులుండవు."

తన పేజీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి ఆదివారానికి ఒక్క అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు.

ఆ మధ్యాహ్నం

ఇంటర్వ్యూలు ఫ్యాక్టరీలోని ట్రైనింగ్ రూములో. స్క్రీన్ మీద పిలార్ అనే ఆవిడ. అరవైకి దగ్గరగా ఉంటుంది, పూత విభాగంలో పెద్ద. నేను పక్కన కూర్చుని లైను తెగితే కలపాలి. అంతకుమించి నోరు విప్పకూడదు.

మొదటివాడి నాయన ఎద్దులను అమ్మినప్పుడు పిలార్ మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. రెండోవాడి నాయన అమ్మినప్పుడు మెల్లగా తలూపింది. మూడోవాడి నాయన అమ్మినప్పుడు ఏదో రాసుకుంది. ఐదోవాణ్ణి ఆపి అడిగింది.

"మీరందరూ అన్నదమ్ములా?"

ఆ ప్రశ్న గైడులో లేదు. కుర్రాడు కాసేపు ఆలోచించి, "అవును" అన్నాడు.

ఎనిమిదోవాడు పెంచలయ్య. మా క్లాసులో అందరికంటే వెనకబడినవాడు. రెండు వాక్యాలు చెప్పి మూడోది మర్చిపోయాడు. ఇక దిక్కులేక తనకొచ్చిన ముక్కల్లో సొంతది మొదలుపెట్టాడు. గతకాలం ఒక్కటీ లేదు. "నేను గేదె. కాదు. నాకు గేదె. గేదె పరుగు. మోటారు మీద పడుతుంది. మోటారు విరుగుతుంది. నాయన కర్ర. నేను భయం. నేను మోటారు బాగు చేస్తాను." పిలార్ మేడం పగలబడి నవ్వింది. ఏ మోటారు, ఏం విరిగింది, నీకెన్నేళ్లు అని ప్రశ్న మీద ప్రశ్న వేసింది. అరగంట అనుకున్నది ముప్పావుగంట అయింది. తర్వాత కాఫీకి లేచింది.

బయటికొస్తే తలుపు పక్కన గోడకానుకుని, లోపలి మాటలు వింటూ మస్తానన్న. తర్వాతి పేరు అతనిదే.

"సార్, ఆయమ్మకు అర్థమైపోయినట్టుండాది. అందరిదీ ఒకే మాదిరి. నాది నేను చెప్పుకునేదా?"

"తప్పులు పోతాయన్నా."

"పెంచలయ్య అన్నీ తప్పులే గదా సార్ చెప్పినాడు. ఆయమ్మ ఎంతసేపు మాట్లాడింది చూడండి."

"వాడు మర్చిపోయినాడు కాబట్టి అట్ల చెప్పినాడు. నువ్వు మర్చిపోలేదు గదా. ఒక్క తప్పు లేకుండా వచ్చేది నీకొక్కడికే. అదే చెప్పు."

నన్ను ఒకసారి చూశాడు. "మీరు చెప్తే సరే సార్."

నాకు అర్థం కాలేదని కాదు. పిలార్ మేడం ముఖం ఎనిమిది మంది వరకు చూస్తూనే ఉన్నాను. అయితే ఒక్కడైనా నేను నేర్పిన రెండు గతాలనూ తప్పు లేకుండా ఆవిడకు వినిపించాలన్న కోరిక నాది. పోగొట్టుకునేది ఏదైనా ఉంటే అది అతనిది. ఆ నిమిషంలో నా కోరికే గెలిచింది.

మస్తానన్న గొప్పగా చెప్పాడు. ఒక్క తోకా తప్పు పోలేదు. ఆవిడ మధ్యలో ఆపలేదు. ముగిశాక అడిగింది.

"ఎద్దులు ఎన్ని?"

"రెండు."

"వాటి పేర్లేమిటి?"

అతను తలవంచుకుని, బల్ల మీదున్న తన చేతులను చూసుకున్నాడు. తర్వాత చాలా శుభ్రమైన స్పానిష్‌లో, "గుర్తులేదు" అన్నాడు.

ఆవిడ థాంక్స్ చెప్పింది. అరగంట ఇంటర్వ్యూ ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది.

జాబితా

ఆరుగురి పేర్లు వచ్చాయి. పెంచలయ్య మొదటి పేరు. మొదట వెళ్లినవాడు రెండో పేరు. ఎద్దుల్ని ముందుగా అమ్మినవాడికి ఆ లాభం ఉండాల్సిందే. మిగతావాళ్లు తర్వాతి ప్రశ్నలకు గైడు వదిలేసి ఏదో ఒకటి సొంతంగా మాట్లాడినవాళ్లు. మస్తానన్న పేరు లేదు. మునిరత్నం సార్ స్వీట్లు పంచాడు.

వారం తర్వాత శిక్షణ ఎలా ఉందో మాట్లాడాలని పిలార్ మేడం నాకు ఫోన్ చేసింది. కోప్పడుతుందనుకున్నాను. మెల్లగా అడిగింది. "తొమ్మిదో ఆయన ఎవరు? చేతుల మీద మచ్చలున్నాయన."

చెప్పాను.

"అవి కరిగిన తగరం పడిన మచ్చలు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, నాకూ ఉన్నాయి. కానీ ఆయనవి చిన్నప్పటివి, చర్మంతో పాటు సాగాయి. వాటి గురించి అడగాలనే ఎదురు చూశాను. ఆయన వేరుశనగ గురించి చెప్పాడు. సొంత ఎద్దుల పేర్లు తెలియని మనిషిని ఇంకేం అడగను?"

అప్పుడు చెప్పాను ఆవిడకు. కళాయి, తిత్తి, నవాసాగరం పొడి చల్లితే లేచే తెల్ల పొగ, ఊరూరూ తిరిగిన ఆ ముసలాయన. స్పానిష్‌లో బాగానే చెప్పాను.

"ఆ రోజు ఆయన ఇది చెప్పి ఉంటే," అంది.

జాబితా అప్పటికే పై ఆఫీసుకు వెళ్లిపోయింది. ఉత్తరం రాశాను. కంపెనీ మర్యాదగా జవాబిచ్చింది. తర్వాతి బ్యాచి రెండేళ్లకు, వయసు నిబంధన అదే.

ఈ ఫోన్ సంగతి మస్తానన్నకు ఏడాది దాకా చెప్పలేదు. ధైర్యం చాలలేదని రాయడం బాగుంటుంది గానీ, నిజానికి వాయిదా వేశాను, అంతే. చివరికి శ్రీకాళహస్తి బస్టాండు ఎదురుగా టీ అంగట్లో కలిశాం. అతను ఇంకా తొట్టి దగ్గరే ఉన్నాడు. దగ్గు కొంచెం పెరిగింది. అంతా చెప్పాను.

"నీదే చెప్పుంటే నీకొచ్చేదన్నా. నేనే చెడగొట్టినాను."

"తెలుసు సార్. ఎద్దుల పేర్లు అడిగినప్పుడే తెలిసిపాయ."

"నా మీద కోపం రాలేదా?"

"వచ్చింది సార్. రెండు నెలలు మీ ఫోన్ ఎత్తలేదు గదా." టీ గ్లాసు పక్కన పెట్టాడు. "అది కాదు సార్ నాకు బాధ. ఆ పొద్దు ఇంటికి పోతే మా నాయన కొలిమి కాడ కూర్చోనుండాడు. 'నా గురించి అడిగినారా?' అన్నాడు. అడిగినారు అన్నా. 'ఏం చెప్పినావు?' అన్నాడు. చెనిక్కాయలు ఏసేవాడివని చెప్పినా అని ఎట్ల చెప్పేది సార్ ఆయనకు?"

"మరి ఏమన్నావు?"

"కళాయి సంగతి చెప్పినా అన్నా. 'విన్నారా?' అన్నాడు. బాగా విన్నారు అన్నా. ఆ తెల్లారి కొలిమి ముట్టించి, ఇంట్లో ఉండే ఇత్తడి చెంబులన్నింటికీ కళాయి పోసినాడు. వాటిని ఎవురూ వాడరు సార్. ఊరికే పోసినాడు."

టీ డబ్బులు నేనిచ్చాను. అతని బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లాడు.

ఆ ఏడు చివరి బ్యాచి అయ్యాక నేను పని మానేశాను. దీనికీ దానికీ సంబంధం ఉందని చెప్పుకోను. బ్యాచిలు కూడా తగ్గాయి.

చేరబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. మొదటి రోజు పుస్తకం తెరవకండి. ఒక్కొక్కరినీ మీ నాయన ఏం చేసేవాడు, మీ అమ్మ ఏం చేసేది అని తెలుగులో అడగండి, వాళ్లు చెప్పింది రాసుకోండి. ఏడాదంతా ఆ కాగితం మీదే పాఠం చెప్పండి. రెండు గతాలూ అందులోనే ఉంటాయి. ఎర్ర పెన్ను కొనకండి. ఎవరైనా తలుపు దగ్గర ఆగి, నాది నేను చెప్పుకునేదా అని అడిగితే, చెప్పుకోమనండి. తప్పులు పోతే పోనీయండి.

ఇంకొకటి. స్పెయిన్ గడియారం ఎండాకాలంలో మనకంటే మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర గంటలు. మార్చి ఆఖరి ఆదివారం ఒకసారి, అక్టోబరు ఆఖరి ఆదివారం ఒకసారి మారుతుంది. ఇంటర్వ్యూ టైము చెప్పినప్పుడు అది ఎవరి టైమో అడిగి రాసుకోండి.